లగ్నమాడ్రాకు దారెటు

అడ్రసుల విషయంలో నన్ను మించినవాడు లేడని చాలాకాలం నమ్మాను. నా ఉద్యోగమే అది. మా ఆఫీసు డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఉంది. జనం తప్పులతడకగా రాసిన చిరునామాను చూసి అసలు చిరునామా ఏదో పట్టుకునే ప్రోగ్రాం రాయడం నా పని. మీ పార్సిల్ దారి తప్పకుండా మీ గుమ్మానికి చేరితే అందులో నా చెయ్యి కూడా కొంచెం ఉందన్నమాట. మా ఆవిడ ఐర్లండ్‌కు పడమటి కొసన కాజిల్‌బార్ అనే ఊళ్లో ఆసుపత్రి డాక్టరు కాబట్టి కాపురం అక్కడ పెట్టాం. నెలకు రెండుసార్లు రైలెక్కి ఆఫీసుకు మొహం చూపించి వస్తాను. మిగతా రోజులన్నీ వంటింటి పక్క గదిలో, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చుంటాను.

ఈ గొప్పంతా పక్కింటి పెద్దావిడ ముందు చెప్పుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

పెద్దావిడకు ఎనభై దాటాయి. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. మా పెరటికీ ఆవిడ పెరటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉంది. మే నెలలో ఒక రోజు ఆ గోడ మీదుగా రూబార్బ్ అనే పుల్లటి కాడల కట్ట అందిస్తూ, నువ్వు కంప్యూటర్లో ఊళ్లు వెతుకుతావట కదా, నాకొకటి వెతికిపెడతావా అని అడిగింది. ఆవిడను పెంచింది అమ్మమ్మ. ఆ అమ్మమ్మ ఎప్పుడూ తలుచుకునే చోటు పేరు లగ్నమాడ్రా. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అమ్మమ్మ పద్నాలుగో ఏట కాజిల్‌బార్‌లో ఒక కొట్టు యజమాని ఇంట్లో పనికి చేరింది, ఇక్కడే పెళ్లి చేసుకుంది, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. ఆవిడ పోయేనాటికి మనవరాలికి పదేళ్లు. ఆ వయసులో ఎక్కడ, ఏమిటి అని అడగాలని ఎవరికి తోస్తుంది?

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు అడుగుతున్నారన్నాను. అప్పుడు కళ్ల సంగతి చెప్పింది. కంటి వెనక పొర నడిమధ్యలో పాడైపోతోందట. పక్కనున్నవి కనిపిస్తాయి కానీ సూటిగా చూసేది కనిపించదట. ఒక కన్ను పోయినట్టే, రెండోది ఈ వేసవి దాటితే చెప్పలేం అన్నాడట కంటి డాక్టరు.

"అది కూడా పోకముందు ఆ చోటు ఒక్కసారి చూడాలి," అంది. బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా అంది.

నేను వెంటనే మాటిచ్చేశాను. ఎంత, ఒక గంట పని అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

భోజనాల దగ్గర ఈ కథంతా మా ఆవిడకు కాలరెగరేసుకుంటూ చెప్పాను. పెద్దావిడకు గుర్తున్నవి కూడా వరసగా చెప్పాను. లగ్నమాడ్రా నుంచి చూస్తే రీక్ అనే పెద్ద కొండ కనబడుతుంది. పొద్దున్నే లగ్నమాడ్రాకు దిగి, పాలు తీసుకుని పైకి వచ్చేవాళ్లమని అమ్మమ్మ చెప్పేది. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉండేది. ఇంతే. మా ఆవిడ ఆవలిస్తూ, "నువ్వు మళ్లీ ఏదో ఒప్పేసుకున్నావు కదా," అని మాత్రం అంది. వంటింట్లో గిన్నె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆ చప్పుడు ఆపింది మా అత్తగారు. ఎందుకు ఆపారో నేను ఆలోచించలేదు.

మా అత్తగారి గురించి చెప్పాలి. మా ఆవిడ ప్రసూతి సెలవు అయిపోయి డ్యూటీలో చేరాక, పాపను చూసుకోవడానికి మూడు నెలల వీసా మీద వచ్చారు. గుంటూరు జిల్లా మనిషి. చేలగట్ల మీద పుట్టి పెరిగినావిడ. ఆవిడ పద్ధతి ప్రకారం అత్త అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు. మా పెళ్లయి నాలుగేళ్లయినా నాతో ఒక్క మాట నేరుగా అనలేదు. కోపమేమీ లేదు, అది గౌరవం. నేను గదిలోకి వస్తే లేచి నిలబడతారు, పైట సర్దుకుంటారు, తలుపు వైపు తిరిగి మాట్లాడతారు. గుంటూరులో దీనివల్ల ఇబ్బంది లేదు, మధ్యలో మాటలు మోసేవాళ్లు ఇంటినిండా ఉంటారు. కాజిల్‌బార్‌లో పగలంతా ఇంట్లో ఉండేది నేను, ఆవిడ, ఎనిమిది నెలల మా పాప.

అందుకని అన్ని వ్యవహారాలూ పాప ద్వారానే నడిచేవి. "చిట్టితల్లీ, మీ నాన్నగారు కాఫీ తాగుతారేమో కనుక్కో," అనేవారు అత్తగారు. పాప బొటనవేలు చీకుతూ నా వైపు చూసేది. తాగుతానని చెప్పమ్మా అని నేను పాపకే చెప్పేవాణ్ని. కాఫీ వచ్చేది. ఒకసారి పాప నిద్రపోతుండగా బాయిలర్ బాగుచేసే మనిషి వచ్చాడు. అత్తగారు ఆ కబురు ఫ్రిజ్‌కు చెప్పారు. నేను హెడ్‌ఫోన్స్‌లో ఉన్నాను, ఫ్రిజ్ నాకు అందజేయలేదు. అతను తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. ఆ వారమంతా చన్నీళ్ల స్నానాలు చేశాం.

సరే, లగ్నమాడ్రా. ఈ దేశంలో ఊరి కన్నా చిన్న ముక్కను టౌన్‌ల్యాండ్ అంటారు. పేరులో టౌన్ ఉందని మోసపోకూడదు. మన ఊళ్లకు శివార్లున్నట్టు అన్నమాట. ఒక్కోదానిలో నాలుగిళ్లు, ఒక్కోదానిలో ఒకటే, కొన్నిటిలో గొర్రెలు తప్ప మరేమీ లేదు. దేశమంతటినీ వేలకు వేల ముక్కలు చేసి ప్రతిదానికీ పేరు పెట్టారు. ప్రభుత్వం దగ్గర వాటి జాబితా ఉంది. నేను ఆ జాబితాను నా ప్రోగ్రాంకు మేపాను. లగ్నమాడ్రా లేదు. పాత భూమి పన్ను పుస్తకాలు చూశాను, లేదు. పాత జనాభా లెక్కల కాగితాలు చూశాను, లేదు. చివరికి చర్చిలో బాప్టిజం రాసే పుస్తకం దొరికింది. అమ్మమ్మ పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, ఆ చర్చి కిందికి వచ్చే ఊళ్ల గుంపును పారిష్ అంటారు, దాని పేరు ఉంది. ఊరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ. ఆ రోజు ఫాదర్‌గారికి ఆకలి దంచేస్తూ ఉండి ఉంటుంది.

ఆ పారిష్‌లోని టౌన్‌ల్యాండ్‌లన్నీ ఒక్కొక్కటే చూశాను. లగ్నమాడ్రా వాటిలోనూ లేదు. మరొకడైతే అక్కడ ఆగి తల గోక్కునేవాడు. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది. బాప్టిజం ఈ పారిష్‌లో జరిగిందంటే పిల్ల ఈ పారిష్‌లో పుట్టింది. పిల్ల పుట్టేది ఎక్కడ? తల్లి పుట్టింట్లో. తొలిచూలు పురుడు పుట్టింట్లో పోస్తారు, ఇది ఎవరికి తెలియదు? కాబట్టి ఈ పారిష్ అమ్మమ్మకు తల్లి తరఫు ఊరు. సొంత ఊరు ఇంకెక్కడో ఉంది. కాబట్టి ఈ ఒక్క పారిష్‌ను వదిలేసి మిగతా కౌంటీ అంతా వెతకాలి.

ఈ సిద్ధాంతాన్ని పెద్దావిడకు వివరించాను. పురుడు, పుట్టిల్లు, ఐదో నెల, సారె, అన్నీ చెప్పాను. ఆవిడ చాలా శ్రద్ధగా విని, అలాగా అంది. ఐర్లండ్‌లో ఎవరూ పురిటికి పుట్టింటికి వెళ్లరని ఆవిడకు తెలుసు. కానీ అంత ముచ్చటపడి చెబుతుంటే కాదనడం బాగుండదనుకుందట. పైగా, ఏమో, కంప్యూటర్లో ఉందేమో అనుకుందట. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అలా మా ఆదివారాలు మొదలయ్యాయి. పెద్దావిడ చర్చికి వెళ్లి వచ్చాక బయలుదేరేవాళ్లం. మా ఆవిడకు తరచూ ఆదివారం డ్యూటీ ఉండేది. పిల్లనూ అత్తగారినీ ఇంట్లో వదిలేయడమేమిటని పెద్దావిడ పట్టుబట్టి వాళ్లను కూడా ఎక్కించింది. ముందు సీట్లో పెద్దావిడ, వెనక అత్తగారు, పాప, జంతికల డబ్బా, కాఫీ ఫ్లాస్కు. అత్తగారికి ఇంగ్లిష్ రాదు, పెద్దావిడకు తెలుగు రాదు. అత్తగారు ఆవిడను పిన్నిగారూ అని పిలిచేవారు, పెద్దావిడ గ్రాండ్ గ్రాండ్ అంటూ జంతికలు నమిలేది. ఇద్దరికీ బాగానే కుదిరింది.

మొదటి ఆదివారం, ఇంచుమించు ఇదే పేరని నా ప్రోగ్రాం గొప్ప నమ్మకంతో చూపించిన చోటు ఉత్తరాన సముద్రం పక్కన ఉంది. వెళ్లాం. ఒక బంగళా, ఒక ట్రాక్టరు, దంపతులిద్దరు. వాళ్లు లగ్నమాడ్రా పేరే వినలేదు. అయినా లోపలికి రమ్మన్నారు. టీ తీసుకోమన్నారు. అత్తగారు మర్యాదగా వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆ ఇల్లాలు మళ్లీ అడిగింది. అత్తగారు మళ్లీ ఊపారు. మూడోసారి అడిగాక తీసుకున్నారు. ఒక్క మాట అర్థం కాకుండా ఇద్దరూ ఈ తతంగాన్ని ఎక్కడా తాళం తప్పకుండా నడిపించారు. అక్కడ రీక్ కొండ లేదు, మబ్బు తప్ప ఏమీ లేదు. పెద్దావిడ చుట్టూ చూసి, చోటు బాగుంది కానీ ఇది కాదు అంది.

రెండో ఆదివారం ఒక రిటైరైన బడిపంతులు మాకు దారి చెప్పాడు. పాత పాల కేంద్రం దగ్గర ఎడమకు తిరగండి అన్నాడు. బయలుదేరబోతుంటే, అది ఇప్పుడు లేదు, కొట్టేశారు, అని జతచేశాడు. మరి ఎలా గుర్తుపట్టాలి అంటే, ఖాళీగా ఉంటుంది, తెలిసిపోతుంది అన్నాడు. ఆ రోడ్డు పొడుగునా ఖాళీయే. నాకు ఒళ్లు మండింది. ఆయనకు కూడా దారి తెలియదని, తెలియదనడం మర్యాద కాదని ఏదో ఒకటి చెప్పాడని ఇంటికి వచ్చాక తేలింది. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా లేదు. మావైపు వాళ్లూ అంతే కదా.

మాడ్రా అంటే ఐరిష్‌లో కుక్క అని కూడా ఆయనే చెప్పాడు. లగ్నమాడ్రా అంటే కుక్కల పల్లమట. మూడో ఆదివారం నేను పేరులో కుక్క ఉన్న మరో టౌన్‌ల్యాండ్ పట్టుకున్నాను. అక్కడ పేరుకు తగ్గట్టే కుక్క ఉంది. నేను ఫోన్లో మ్యాప్ చూసుకుంటూ గేటు తీశాను. మరుక్షణం రాతిగోడ మీద ఉన్నాను. ఎలా ఎక్కానో తెలియదు. కుక్క కింద నిలబడి తన అభిప్రాయం చెబుతోంది. అత్తగారు కారు దిగి, ఛీ పో అని ఒక్క కేక వేశారు. గుంటూరు జిల్లా కేక. కుక్క వెళ్లిపోయింది. అత్తగారు నా వైపు చూడకుండా పాపతో, "నాన్నగారిని దిగమని చెప్పు తల్లీ, కుక్క వెళ్లిపోయింది," అన్నారు.

ఇలా ఏడు ఆదివారాలు తిరిగాం. వెనక సీట్లో అత్తగారు పాపను ఒళ్లో తట్టుకుంటూ ఏదో పాడుతూ ఉండేవారు. అందులో చేను ఉండేది, ఆవులు ఉండేవి, నాన్నగారు ఉండేవారు. జోలపాట కాబోలనుకున్నాను. రాగం బాగుండేది. ఒకటి రెండుసార్లు స్టీరింగ్ మీద తాళం కూడా వేశాను.

ఈలోగా పెద్దావిడ కన్ను దిగజారుతూ వచ్చింది. మొదటి ఆదివారం రోడ్డు పక్క బోర్డులు ఆవిడే చదివి చెప్పింది. నాలుగోసారికి చదవడం మానేసింది. ఆరోసారికి, బోర్డు మీద ఏముంది అని నన్ను అడిగింది. నాతో మాట్లాడేటప్పుడు మొహం కొద్దిగా పక్కకు తిప్పడం మొదలుపెట్టింది, నా భుజం వెనక ఎవరో నిలబడినట్టు. అలా తిప్పితే నా మొహం కనిపిస్తుందట. అది చూసిన ప్రతిసారీ ఇంటికి రాగానే ప్రోగ్రాం ముందు కూర్చుని ఇంకో పది పేర్లు పట్టుకునేవాణ్ని.

ఎనిమిదో ఆదివారం మమ్మల్ని పోలీసులు ఆపారు. ఇక్కడివాళ్లు గార్డులంటారు. ఆ చుట్టుపక్కల ఎవరివో ఆవులు పోయాయట. తెలియని కారు ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ప్రతి గేటు దగ్గరా ఆగి చేలల్లోకి తొంగిచూస్తోందని ఎవరో ఫోన్ చేశారు. గార్డు కుర్రవాడు కిటికీలోంచి లోపలికి చూశాడు. ముందు ఒక ముసలావిడ, వెనక పట్టుచీర మీద ఉన్ని టోపీ పెట్టుకున్న ఇంకొకావిడ, పసిపాప, సగం ఖాళీ అయిన జంతికల డబ్బా. ఇంత చిన్న కార్లో ఆవును ఎక్కడ పెడతామని నేను అడిగాను. నా గొంతు కొంచెం పెద్దదే అయింది. పెద్దావిడ నా మోచేతి మీద చెయ్యి వేసి, గొంతును బట్టి గుర్తుపట్టి, నువ్వు ఫలానావాళ్ల మనవడివి కదా అని అతన్ని పలకరించింది. అవునన్నాడు. మీ తాతకు మా ఆయన సైకిల్ అమ్మాడు అంది. ఆ తర్వాత కేసు ఇంకేముంటుంది. అతను జంతిక తీసుకుని, లగ్నమాడ్రాకు దారి కూడా చెప్పాడు. అది తప్పు దారి.

వానలో ఇంటికి చేరాం. పెద్దావిడ తన గుమ్మం దగ్గర దిగుతూ ఒక్క క్షణం ఆగింది.

"ఇంక వదిలెయ్. ఇప్పుడు చూసినా పెద్దగా ఏమీ కనిపించదు. గ్రాండ్, నేను గ్రాండ్‌గా ఉన్నాను," అంది.

ఈ దేశంలో గ్రాండ్ అనే మాటకు బాగున్నానని అర్థం ఉంది, ఇంక నన్నేమీ అడగొద్దని కూడా ఉంది. ఆవిడ తలుపు తాళంచెవి పెట్టడానికి మూడుసార్లు తడుముకుంది. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు వచ్చేలా ఉంది. ఒక గంట పని అని చెప్పి ఆవిడ దగ్గర మిగిలిన చూపంతా నేనే ఖర్చుపెట్టేశాను.

అప్పుడు వెనక సీట్లోంచి మాట వచ్చింది.

"అల్లుడుగారూ."

నేను అదిరిపడ్డాను. పాప నిద్రపోతోంది. కార్లో ఫ్రిజ్ లేదు. ఆ మాట నాకే.

"అది ఊరు కాదండి. చేను పేరు."

వెనక్కి తిరిగి చూశాను. అత్తగారు కిటికీ వైపు చూస్తున్నారు, పైట భుజం చుట్టూ బిగించి. చెంపలు ఎర్రగా ఉన్నాయి. మెల్లగా, ఒక్కో మాటే చెప్పారు. పొద్దున్నే వెళ్లి పాలు తీసుకుని పైకి వచ్చేవాళ్లమని అందట కదా ఆ మహాతల్లి. సొంత ఊరికి ఎవరైనా పొద్దున్నే దిగి, పాలు తీసుకుని పైకి వస్తారా? ఇల్లు పైన ఉంది. ఆవులు కింద పల్లపు చేలో ఉన్నాయి. నేల తడిగా ఉండేదంటే నీళ్లు నిలిచే మా బాడవ చేను లాంటిదే. మా బాడవ ఏ కాగితంలో ఉంది? దస్తావేజులో సర్వే నంబరే ఉంటుంది. బాడవ అని పిలిచేది మేమే, పక్క చేనువాళ్లు, పాలేరు. ఆ పిల్లకు బాప్టిజం ఎక్కడ అయిందో అక్కడే అడగండి. కంప్యూటర్‌ను కాదు, ఆవులున్నవాళ్లను.

ఎప్పుడు తెలిసిందండీ మీకు అన్నాను.

"మొదటి రోజే. మీరు అన్నం తింటూ చెప్పినప్పుడే."

"మరి నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పానుగా," అన్నారు అత్తగారు. "పాపకి."

జోలపాట గుర్తొచ్చింది. చేను కోసం ఊళ్లు తిరుగుతున్నారే మీ నాన్నగారు, ఆవుల్నడిగితే చెబుతాయే, ఆ ధోరణి. ఏడు ఆదివారాలు నాకు జవాబు రాగయుక్తంగా వినిపించారు. నేను తాళం వేశాను.

కోపం రావాలి, రాలేదు. అల్లుడి మాటకు ఎదురు చెప్పడమంటే ఆవిడ లెక్కలో ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. ఒక ముసలావిడ తాళంచెవి పట్టుకుని తలుపు తడుముకోవడం చూడలేక ఆ కట్టు దాటారు. నేనే వెనక సీటు మాటను ఏనాడూ మాటగా లెక్కపెట్టలేదు.

ఆ పారిష్ రైతులంతా తమ పశువులను అమ్మే సంత, ఇక్కడివాళ్లు మార్ట్ అంటారు, గురువారాల్లో జరుగుతుంది. ఆఫీసుకు సెలవు పెట్టాను. పెద్దావిడను రమ్మంటే ముందు రానంది. అత్తగారు వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. మార్ట్‌లో వేలం వేసేవాడి నోరు మిషను కుట్టినట్టు పోతోంది. అత్తగారు ఇనుప కమ్మీల దగ్గర నిలబడి ఒక్కో ఆవును తేరిపార చూస్తూ, ఇది చూలుది, దీని కాలు బాగా లేదు, అని నాకే చెప్పడం మొదలుపెట్టారు, నేరుగా. కాలు బాగా లేని ఆవును కొనబోతున్న రైతుకు నేను ఆ మాట చేరవేశాను. అతను వంగి చూసి, అత్తగారి ఉన్ని టోపీ వైపు చూసి, చెయ్యి దింపేశాడు. ఐదు నిమిషాల్లో మా చుట్టూ పదిమంది చేరారు.

పెద్దావిడ తన అమ్మమ్మ పుట్టింటివాళ్ల ఇంటిపేరు చెప్పి, వాళ్ల ఆవులు మేసిన చేను లగ్నమాడ్రా ఎవరికైనా తెలుసా అని అడిగింది. వెనక నుంచి ఒక పెద్దమనిషి, ట్వీడ్ టోపీ కొద్దిగా పైకి నెట్టుకుని, "అది మా కింది చేను. ఎందుకు?" అన్నాడు.

రెండు నెలల పైచిలుకు వెతుకులాట తేలడానికి పట్టింది అంత సేపే. వేలం వేసేవాడు ఈలోగా ఒక్క దూడను కూడా అమ్మలేదు.

ఆయన వెంటే వెళ్లాం. మా ఇంటి నుంచి అరగంట దారి కూడా లేదు. మొదట్లోనే నేను పక్కన పెట్టేసిన పారిష్. రోడ్డు పక్కన తీగలు కప్పేసిన గోడ ఒకటి మిగిలి ఉంది, అదే ఇల్లట. దాని పక్క నుంచి కిందికి ఒక గేటు. గేటు అవతల పల్లంగా చేను. కొన్ని ఎర్రావులు మమ్మల్ని చూసి మళ్లీ మేతలో పడ్డాయి. దూరంగా రీక్ కొండ స్పష్టంగా ఉంది, ఒక్క మబ్బు లేదు. ఎండ వెలుతురు అంత బాగుండడం ఆ వేసవిలో అదే మొదటిసారి.

పెద్దావిడ గేటు మీద రెండు చేతులూ వేసి మొహం పక్కకు తిప్పింది. ఈ పక్కకు, ఆ పక్కకు. చాలాసేపు అలా తిప్పింది. తర్వాత, పచ్చగా ఉంది, అంతవరకు తెలుస్తోంది అంది.

నేను క్షమించమన్నాను. మేలో ఇక్కడికి తీసుకొచ్చి ఉంటే మీరు కొండతో సహా చూసేవారు, మా అత్తగారు మొదటి రోజే చెప్పారు, నేను వినలేదు అన్నాను. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. ఏముందో చెప్పు అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. చేను ఇంత పొడుగు, ఇంత వెడల్పు, పడమర వైపు కాలువ, మూలన ఒక ముళ్లచెట్టు. అడ్రసు చెప్పినట్టు చెప్పాను. ఆవిడ తల ఊపింది, కానీ మొహంలో ఏమీ కదలలేదు.

"ఆమెను అడుగు," అంది అత్తగారి వైపు చెయ్యి చూపించి.

అత్తగారు చేలోకి దిగి, నాలుగడుగులు వేసి, వంగి చూశారు. తర్వాత నాకు చెప్పారు, నేను పెద్దావిడకు చెప్పాను. మాట మోసే పని ఆ రోజు నాది. నేల నల్లగా ఉంది, నీళ్లు పట్టి ఉంచుతుంది. ఆవులకు ఇష్టమైన నేల, మనిషికి కష్టం. బరువు మోసేవాళ్లు నడిమధ్య నుంచి నడవలేరు, దిగబడిపోతారు. గట్టు పక్క నుంచి నడవాలి. అక్కడ గడ్డి కింద రాళ్లు పరిచి ఉన్నాయి, అడుగుకో రాయి. పెద్ద అడుగులు కావు. చిన్నపిల్ల అడుగులకు సరిపోయేలా పరిచారు.

పెద్దావిడ ఇది విని నా భుజం పట్టుకుని ఒక బూటు విప్పింది. రెండోది విప్పింది. మేజోళ్లు విప్పి నా చేతిలో పెట్టింది. చలి చేస్తుందని నేను అంటూనే ఉన్నాను. అత్తగారు గేటు తీసి చెయ్యి అందించారు. ఆవిడ బురదలోకి దిగి, పాదంతో గడ్డిని అటూ ఇటూ తడిమి, మొదటి రాయి మీద నిలబడింది. కళ్లు మూసుకుంది. ఎనభై దాటిన ఆవిడ అడుగూ ఇప్పుడు చిన్నపిల్ల అడుగంతే. రెండో రాయి కోసం తడుముకోలేదు, కాలు తిన్నగా దాని మీదే పడింది.

ఇద్దరూ అలా కిందివరకూ వెళ్లారు. నేను పాపను ఒక చంకలో, బూట్లు ఇంకో చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. చాలాసేపటి దాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.